మీ ప్రశ్నలు - మా జవాబులు: ఉచిత క్లాసుకి కూలివాళ్లు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో మిరప పండే ఊరు. నడుం నొప్పులతో అవస్థపడే కూలీల కోసం మా డ్వాక్రా సంఘం తరఫున రామాలయం మండపంలో ఉదయం 6 గంటలకు ఉచితంగా యోగా నేర్పిస్తున్నాం. మొదట్లో 30 మంది వచ్చారు, ఇప్పుడు ఆరుగురే. వాళ్లలో కూలికెళ్లేవాళ్లు ఒక్కరూ లేరు. తప్పెక్కడ?

జవాబు: కోతల రోజుల్లో ఆ వేళకి వాళ్లు క్యారేజీ సర్దుకుని ఆటో కోసం చూస్తుంటారమ్మా. మీ క్లాసుకి వస్తే ఆ రోజు కూలి పోతుంది, ఇక ఉచితమేముంది? వేళ వాళ్లనే అడగండి. చాలాచోట్ల రాత్రి వంటలయ్యాక, వారానికి రెండుసార్లు, 25 నిమిషాలు కుదురుతుంది. గంట క్లాసుకి ఓపిక మిగలదు. పిల్లల్ని చూడటానికి ఒక మనిషి ఉండాలి.

ఇక చోటు. గుడి మండపమంటే ఎస్సీ కాలనీ వాళ్లకీ, చర్చికో మసీదుకో వెళ్లేవాళ్లకీ జంకు ఉంటుంది. అందరూ రావచ్చని మైకులో చెప్తే అది పోదు. క్లాసును కాలనీలోని అంగన్‌వాడీకి మార్చండి. ఊళ్లోవాళ్లు అక్కడికి నడిచొస్తారా అన్నది వాళ్లు రాయాల్సిన పరీక్ష. ఓంకారం పెట్టకండి, ఊపిరిని అంకెలతో లెక్కపెడితే సరిపోతుంది.

పొద్దంతా వంగిన నడుముకి మళ్లీ పాదహస్తాసనం (ముందుకు వంగి చేతులతో పాదాలు అందుకోవడం) వేయిస్తే నొప్పి పెరగొచ్చు. నిలబడి, అరచేతులు నడుంమీద ఆనించి, మెల్లగా వెనక్కి వంగడం 5 సార్లు. మోకాళ్లకింద మడతేసిన దుప్పటి పెట్టి మార్జాలాసనం (పిల్లిలా చేతులు, మోకాళ్లమీద ఉండి నడుమును పైకీ కిందికీ వంచడం) 8 సార్లు. చివర్లో వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీమీద పెట్టి 5 నిమిషాలు. చీరల్లో ఉంటారు కాబట్టి తలుపేసి, పైన దుప్పటి కప్పండి. అయిదో నెల దాటిన గర్భిణుల్ని ఎడమ పక్కకి తిరిగి పడుకోమనండి. బీపీ ఉన్నవాళ్లతో ఊపిరి బిగబట్టించకండి, కపాలభాతి (పొట్ట లోపలికి లాగుతూ ఊపిరిని వేగంగా బయటికి వదలడం) చేయించకండి. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మూత్రం పట్టు తప్పుతున్నా ఆ రోజే ఆస్పత్రికి పంపాలి.

అరచేతులు రుద్ది కళ్లమీద పెట్టుకోమనడం యోగా టీచర్లకు అలవాటు. మిరప కోసిన చేతులతో ఆ పని చేయిస్తే రెండోరోజు ఎవరూ రారు! ఆ ఘాటు నీళ్లతో సరిగా పోదు, నూనెలో కరుగుతుంది. కొబ్బరినూనె రుద్ది, గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో కడుక్కోవాలి. అప్పుడు కూడా కళ్లజోలికి పోకపోవడమే మంచిది.

టీచరుకి మాత్రం డబ్బివ్వండి. ఊరికే చెప్పేవాళ్లు ఎక్కువ కాలం నిలవరు. టౌన్లో 15 మందితో నెలకి 300 రూపాయల బ్యాచి నడిపితే 4,500 వస్తుంది. అందులోంచి మీ ఊళ్లో 8 క్లాసులకు 500 చొప్పున 4,000 ఇవ్వొచ్చు. ఇక్కడ ఇచ్చేవాళ్లుంటే మూతున్న డబ్బా ఒకటి పెట్టండి, ఎవరెంత వేశారో ఎవరికీ కనపడకూడదు. తెల్ల కార్డు చూపించమని అడిగారా, అవసరమున్నవాళ్లే ముందు మానేస్తారు.

ప్రశ్న: మా గూడెంలో ఉచిత ఆయుర్వేద శిబిరం పెడతామని ఒకాయన వచ్చారు. షుగరును పూర్తిగా పోగొట్టే పొడి ఇస్తారట. ఒప్పుకోవచ్చా? (భద్రాచలం దగ్గర్నుంచి)

జవాబు: ఆ మాట దగ్గరే ఆపేయండి. షుగరు నయం చేస్తామని మందుకి ప్రచారం చేయడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. వేరే వైద్యులు వచ్చినా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మందు డబ్బామీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి, గడువు తేదీ, దినుసుల పేర్లు ఉండాలి. కాగితంలో కట్టిన విడిపొడి వద్దు. లోహాల్ని కాల్చి చేసే భస్మాలు సరిగా తయారుకాకపోతే వాటిలోని సీసం, పాదరసం ఒంటికి పట్టొచ్చు. రెండ్రోజుల్లోనే కీళ్లనొప్పులు మాయమయ్యే పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. అలాంటివి నెలల తరబడి వాడి ముఖం ఉబ్బినవాళ్లు ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకి చూపించుకోవాలి. షుగరు, టీబీ మాత్రలు ఎవరు చెప్పినా మానొద్దు. మళ్లీ ఏ తేదీన వస్తారో చెప్పని శిబిరం వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. వచ్చేవాళ్లతో కోయ భాష తెలిసిన ఆశా కార్యకర్త తప్పక ఉండాలి.

ప్రశ్న: ధ్యానంలో కళ్లు మూయగానే ఒకామెకి గుండెదడ, ఏడుపు. ఏం చేయాలి?

జవాబు: మూయించొద్దు. తలుపు కనిపించేలా కూర్చోబెట్టి, పాదాలు నేలకి ఆనించి, ఎదురుగా కనిపించే 5 వస్తువుల పేర్లు చెప్పమనండి. ఏం జరిగిందని అందరిముందూ అడగకండి. తగ్గకపోతే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయించండి. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో ఫోను భర్త చేతిలో ఉంటే సంఘం ఫోను ఇవ్వండి.