ఆయిల్ లైటు వెలిగితే ఫోన్ యాప్‌లో ఏం కనిపిస్తుంది?

ప్రశ్న: మాది పెందుర్తి. క్యాటరింగ్ సామాన్లకు పాత కార్బ్యురేటర్ మారుతి ఓమ్ని వాడుతున్నాం. పొద్దున్న బండి తీసినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. సింహాచలం కొండెక్కి దిగి అడవివరంలో ఆగేసరికి ఎర్రటి ఆయిల్ లైటు మినుకుమినుకుమంటోంది. కాస్త రేసు ఇస్తే ఆరిపోతోంది. ‘సెన్సరే పోయింది, వైరు పీకేయండి’ అని మెకానిక్ అంటున్నాడు. చిక్కటి ఆయిల్ పోయమని ఇంకొకరు. బండి కంప్యూటర్‌కు తగిలించి వివరాలు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొంటే ఫోన్‌లోనే ప్రెషర్ చూసుకోవచ్చా?

జవాబు: స్కానర్ కొనకండి, డబ్బు దండగ. కార్బ్యురేటర్ బండిలో ఆ స్కానర్‌కు జవాబిచ్చే కంప్యూటరే ఉండదు. స్కానర్ తగిలించే పోర్టు ఉన్న కొత్త చిన్న కార్లలో కూడా చాలావాటికి ఆయిల్ దగ్గర ఉండేది స్విచ్చే. ప్రెషర్ ఉందా లేదా అన్నదే దానికి తెలుసు, ఎంత ఉందో తెలియదు. యాప్ ఎంత ఖరీదైనదైనా బండిలో లేని అంకెను చూపించలేదు.

వైరు మాత్రం పీకొద్దు. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి చూస్తే, మెకానిక్ సెన్సర్ అంటున్న ఆ స్విచ్ నిజమే చెబుతూ ఉండొచ్చు. ప్రెషర్ లేనప్పుడు ఆ స్విచ్ వైరును ఇంజిన్ బాడీకి ఎర్త్ చేస్తుంది, లైటు వెలుగుతుంది. ప్రెషర్ రాగానే ఆ కలయిక తెగిపోతుంది, లైటు ఆరుతుంది. చాలా బళ్లలో ఇది 0.3 నుంచి 0.5 బార్ దగ్గర జరుగుతుంది. అంటే లైటు వెలిగే సమయానికే ప్రెషర్ దాదాపు అడుగంటినట్టు. కొండెక్కి దిగాక ఆయిల్ వేడికి పలచబడుతుంది. బండి ఆగి ఐడ్లింగ్‌లో ఉంటే పంపు నెమ్మదిగా తిరుగుతుంది. దానికి తోడు బేరింగుల్లో అరుగుదల ఉంటే ఆయిల్ ఆ సందుల్లోంచి జారిపోయి ప్రెషర్ నిలవదు. రేసు ఇస్తే పంపు వేగం పెరిగి లైటు ఆరుతుంది. మీ బండిలో అచ్చంగా ఇదే కనిపిస్తోంది.

ముందు బండిని సమతలం మీద ఆపి, ఇంజిన్ కట్టేసి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీయండి. తుడిచి, మళ్లీ ముంచి చూడండి. మట్టం కింది గీతకు దిగువన ఉంటే కొండ మలుపుల్లో ఆయిల్ ఓ పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. మట్టం పై గీతను దాటి ఉన్నా సంతోషించకండి. కడ్డీని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. పెట్రోలు వాసన కొడితే ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) చిరిగి పెట్రోలు చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి, దిగుతూ ఉండొచ్చు. పాత కార్బ్యురేటర్ బళ్లలో ఇది తరచూ కనిపించేదే. పలచబడిన ఆయిల్‌కు ప్రెషర్ ఎక్కడి నుంచి వస్తుంది? అప్పుడు పంపు బాగుచేయించి, ఆయిల్, ఫిల్టరు మార్పించాలి.

మట్టం, వాసన సరిగ్గా ఉంటే స్విచ్ విప్పించి, ఆ రంధ్రంలో మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజ్ బిగించి కొలిపించండి. గాజువాక ఆటోనగర్‌లో ఇంజిన్ పనులు చేసేవాళ్లను అడగండి. ఓమ్నిలో ఇంజిన్ ముందు సీట్ల కిందే కాబట్టి సీటు లేపితే పని మొదలవుతుంది. మర సరిపోయే అడాప్టరే వాడాలి, బలవంతంగా బిగిస్తే ఇంజిన్ మరే పాడవుతుంది. కొలత ఇంజిన్ బాగా వేడెక్కాకే తీయాలి, చల్లగా ఉన్నప్పుడు అరిగిన ఇంజిన్ కూడా మంచి అంకె చూపిస్తుంది. ప్రతి 1000 ఆర్‌పీఎంకు 10 పీఎస్‌ఐ (సుమారు 0.7 బార్) అనేది మెకానిక్‌ల మోటు లెక్క. అసలు అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి.

గేజ్ బాగా చూపిస్తే తప్పు స్విచ్‌ది. అది చవకే, మార్చేయండి. తక్కువ చూపిస్తే చాంబర్ దింపి స్ట్రైనర్‌లో (పంపు ఆయిల్ పీల్చే జాలీలో) మడ్డి పేరుకుందేమో, ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే పంపు రిలీఫ్ వాల్వ్ ఇరుక్కుందేమో చూడాలి, ఆ తర్వాతే బేరింగుల సంగతి. చిక్కటి ఆయిల్‌తో లైటు ఆరొచ్చు గానీ అరుగుదల ఆగదు. కొలవకుండా ఆ పని చేయొద్దు.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. నడుస్తుండగా లైటు ఆరకుండా వెలిగితే, ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఉన్నా సరే, పక్కకు తీసి వెంటనే ఇంజిన్ కట్టేయండి. ఆయిల్ పొర లేకుండా క్రాంక్ తిరిగితే బేరింగులు నిమిషాల్లో పాడవుతాయి. భోజనాలు ఆలస్యమవుతాయన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. అయినా సామాను ఆటోలో పంపి, బండిని కట్టి లాక్కెళ్లండి.

ప్రశ్న: భీమిలిలో ఉంటాం. మా పాత వ్యాన్‌లో ఆయిల్ లైటు ఎప్పుడూ వెలగలేదు. ఇంజిన్ బాగున్నట్టేనా?

జవాబు: తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు కూడా వెలగడం లేదంటే కాదు. అప్పుడు ప్రెషర్ ఉండదు కాబట్టి అది వెలిగి తీరాలి. స్విచ్ వైరు ఊడదీసి, తాళం ఆన్‌లో ఉంచి, దాని కొసను ఇంజిన్ లోహానికి తాకించండి. అప్పుడు వెలిగితే స్విచ్‌దే లోపం. వెలగకపోతే బల్బు, ఫ్యూజు, వైరు చూడాలి. సముద్రం ఒడ్డున ఉన్నారు కాబట్టి ఉప్పుగాలికి టెర్మినళ్ల మీద పచ్చటి తుప్పు పట్టిందేమో గీకి చూడండి. అది బాగయ్యేదాకా దూరప్రయాణాలు పెట్టుకోకండి.