మాట్‌లాబ్ గీస్తుంది సరే, చదివేదెవరు?

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, ఎలక్ట్రికల్ బ్రాంచి. కంట్రోల్ సిస్టమ్స్‌లో రౌత్ పట్టిక (సమీకరణం గుణకాలతో స్థిరత్వం తేల్చేది) దాకా ఇబ్బంది లేకుండా వచ్చాను. బోడ్ ప్లాట్, నైక్విస్ట్ ప్లాట్, నికొల్స్ చార్ట్ మొదలయ్యాక ఎందుకు గీస్తున్నామో అర్థం కావడం లేదు. సెమీలాగ్ కాగితం మీద గంటసేపు గీసేది మాట్‌లాబ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైను. ఇవన్నీ ఎప్పటివో పాత పద్ధతులనీ, వీటిని నమ్ముకుంటే ఉద్యోగాలు రావనీ సీనియర్లు అంటున్నారు. నాన్నగారు మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్లమంటున్నారు. నాకేమో మోటార్లు, సర్క్యూట్లంటే ఇష్టం. పీజీలో కంట్రోల్ తీసుకోవచ్చా?

జవాబు: మీ సీనియర్లు చెప్పిందాంట్లో సగం నిజముంది. ‘కంట్రోల్ ఇంజనీర్’ అన్న పేరుతో వచ్చే ప్రకటనలు తక్కువే. పవర్ ఎలక్ట్రానిక్స్, మోటార్ డ్రైవ్‌లు, అనలాగ్ చిప్ డిజైన్, ఎంబెడెడ్ ఫర్మ్‌వేర్, రోబోటిక్స్, విమానాల ఫ్లైట్ కంట్రోల్ అన్న పేర్లతో వచ్చేవి చూడండి. వాటి ఇంటర్వ్యూల్లో ఎక్కడో ఒకచోట ‘ఫేజ్ మార్జిన్ ఎంత?’ (అదుపు తప్పడానికి ఇంకా ఎంత దూరముంది?) అన్న మాట వినపడుతుంది. అక్కడే చాలామంది తడబడతారు. సూత్రం గుర్తుండక కాదు, ఆ గీత ఏం చెబుతోందో ఎన్నడూ అడిగి చూడక.

మీరు అడగని ప్రశ్నతో మొదలుపెడతాను. రౌత్ పట్టికకు ఏం కావాలి? ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్, అంటే లోపలికి వెళ్లేదానికీ బయటికొచ్చేదానికీ లంకె చెప్పే సమీకరణం కావాలి. పరీక్ష పేపర్లో అది ముందే ఇచ్చేస్తారు. పనిలో చేరాక మీ ముందు ఒక మోటారో, ఒక పవర్ సప్లైయో పెడతారు. దాని మీద ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ ఎవరూ రాసి అంటించరు. మీ చేతనయ్యేదల్లా చిన్న సైన్ వేవ్ లోపలికి పంపి, బయటికి ఎంత వచ్చింది (గెయిన్), ఎంత ఆలస్యంగా వచ్చింది (ఫేజ్) అని కొలవడం. ఫ్రీక్వెన్సీ మారుస్తూ కొలుచుకుంటూ పోతే వచ్చేదే బోడ్ ప్లాట్. సమీకరణం లేకపోయినా, గీత ఉంటే లూప్ (బయటికొచ్చినదాన్ని కొలిచి మళ్లీ లోపలికి అందించే చుట్టు) నిలబడుతుందో లేదో చెప్పొచ్చు.

ఈ పద్ధతులు పుట్టింది కూడా ఆ అవసరంలోంచే. 1927లో బెల్ ల్యాబ్స్‌లో హెరాల్డ్ బ్లాక్ నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చేదాంట్లో కొంత వెనక్కి తెచ్చి లోపలిదాంట్లోంచి తీసేసే) యాంప్లిఫయర్‌కు రూపమిచ్చాడు. దూరప్రాంత టెలిఫోన్ లైన్లకు అది వరమే గానీ, కొన్ని యాంప్లిఫయర్లు ఉన్నట్టుండి వాటంతటవే మోగేవి. ఇంజనీర్లు దాన్ని ‘పాడటం’ అనేవారు. ఏది పాడుతుందో, ఏది పాడదో ముందే తేల్చే పద్ధతిని 1932లో హ్యారీ నైక్విస్ట్ ఇచ్చాడు. అదే సంస్థలో పనిచేసిన హెండ్రిక్ బోడ్ దాన్ని గెయిన్, ఫేజ్ అని రెండు గీతలుగా విడదీసి డిజైనర్ చేతికి అందేలా చేశాడు. ఆ పేరును అమెరికా వాళ్లు ‘బోడీ’ అంటారు. మన క్లాసుల్లో ‘బోడ్’ అనడమే మర్యాదగా ఉంటుంది లెండి!

ఇలా జవాబులు రాసే పని చేపట్టకముందు నేను కొన్నేళ్లు మోటార్ డ్రైవ్‌ల మీద పనిచేశాను. ఓసారి స్పీడ్ లూప్ సిమ్యులేషన్‌లో ముచ్చటగా నడిచింది. క్రాసోవర్ (గెయిన్ ఒకటికి, అంటే సున్నా డెసిబెల్‌కు పడిపోయే ఫ్రీక్వెన్సీ) 20 హెర్ట్జ్, ఫేజ్ మార్జిన్ (అక్కడ ఫేజ్ –180 డిగ్రీలకు ఎంత ఎడంగా ఉందన్నది) 60 డిగ్రీలు, వంక పెట్టడానికేం లేదు. అసలు యంత్రానికి తగిలించగానే మోటారు మూలగడం మొదలుపెట్టింది. గెయిన్ తగ్గిస్తే మూలుగు ఆగేది, కానీ లోడు పడితే వేగం జారిపోయేది. రెండ్రోజులు గెయిన్లతో కుస్తీ పట్టాక ఒక పెద్దాయన వచ్చి, ‘‘బోడ్ తీశావా?’’ అని ఒక్కమాట అడిగాడు. తీయలేదు. స్పీడ్ రిఫరెన్స్‌కు చిన్న సైన్ వేవ్ కలిపి, 5 హెర్ట్జ్ నుంచి పైకి మెట్టుమెట్టుగా కొలిచాం. గెయిన్ గీత 20 హెర్ట్జ్ దగ్గర సున్నా డెసిబెల్‌ను దాటి బుద్ధిగా దిగుతూ పోయింది. 180 హెర్ట్జ్ దగ్గర ఉన్నట్టుండి మూపురంలా లేచి మళ్లీ సున్నా దాటింది. మోటారుకూ యంత్రానికీ మధ్య ఉన్న కప్లింగ్ మెలిపడే ఫ్రీక్వెన్సీ అది. నా మోడల్లో ఆ కప్లింగ్‌ను గట్టి ఇనుప కడ్డీ అనుకున్నాను. అక్కడొక నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని అణిచేది) పెట్టాం, మూలుగు పోయింది. సమస్య చోటూ, మందూ రెండూ ఆ ఒక్క గీతలోనే ఉన్నాయి.

ఇంటర్వ్యూల్లో ఇలాంటి ప్రశ్న వస్తుంది చూడండి. అనలాగ్ లూప్‌కు క్రాసోవర్ 100 హెర్ట్జ్, ఫేజ్ మార్జిన్ 50 డిగ్రీలు. అదే కంట్రోలర్‌ను ప్రాసెసర్‌లోకి మార్చారు. శాంప్లింగ్, లెక్కలు అన్నీ కలిపి ఒక మిల్లీసెకను ఆలస్యం. ఇప్పుడు మార్జిన్ ఎంత? 100 హెర్ట్జ్ అంటే ఒక చుట్టుకు 10 మిల్లీసెకన్లు. అందులో ఒక మిల్లీసెకను పదో వంతు, అంటే 36 డిగ్రీలు. మిగిలింది 14. లూప్ బతికే ఉంటుంది గానీ ప్రతి కుదుపుకూ చాలాసేపు ఊగుతూ ఉంటుంది. కాగితం కూడా అక్కర్లేని లెక్క ఇది. ఆలస్యం గెయిన్‌ను ముట్టుకోదని, ఫేజ్‌ను మాత్రమే తింటుందని తెలిస్తే చాలు.

ఇక మాట్‌లాబ్ సంగతి. వాడండి, నేనూ వాడతాను. కాకపోతే దాన్ని గుడ్డిగా నమ్మితే ఎలా బోల్తా పడతామో ఒకసారి చూడండి. ప్లాంటు (మనం అదుపు చేయాల్సినది) 1/(ఎస్–1) అనుకుందాం, తనంతట తానే పెరిగిపోయే రకం. గెయిన్ అర పెడితే గెయిన్ గీత ఎక్కడా సున్నా డెసిబెల్‌ను తాకదు. ‘గెయిన్ తక్కువుంది కదా, భయం లేదు’ అనిపిస్తుంది. కానీ ఆ లూప్ అస్థిరం. గెయిన్ 2 చేస్తే స్థిరపడుతుంది! నైక్విస్ట్ గీసి చూస్తే కారణం కళ్లకు కడుతుంది. గెయిన్ 2కి వచ్చే వృత్తం –2 నుంచి 0 దాకా ఉండి –1 బిందువును (గెయిన్ 1, ఫేజ్ –180 అయ్యే చోటు) అపసవ్య దిశలో ఒకసారి చుట్టేస్తుంది. ఓపెన్ లూప్‌లో (ఫీడ్‌బ్యాక్ మూయకముందు) ఒక అస్థిర పోల్, అంటే తనంతట తానే పెరిగిపోయే గుణం ఉంది కాబట్టి ఆ ఒక్క చుట్టూ తప్పనిసరిగా కావాలి. గెయిన్ అరకు వృత్తం –0.5 దగ్గరే ఆగిపోతుంది, చుట్టు లేదు, స్థిరత్వం లేదు. బోడ్ మార్జిన్లు చూసి తీర్పు చెప్పేముందు ఓపెన్ లూప్ స్థిరమేనా అని చూసుకోవాలని చెప్పేది ఇందుకే. నికొల్స్ చార్ట్ గురించి పెద్దగా బెంగ పెట్టుకోకండి. 1947లో వచ్చిన ఆ చార్ట్ క్లోజ్డ్ లూప్ శిఖరాన్ని (ఫీడ్‌బ్యాక్ మూశాక గెయిన్ ఎంత ఎత్తుకు లేస్తుందో) చూసుకోవడానికి అనువైనది. ఫ్లైట్ కంట్రోల్ వైపు వెళ్తే అప్పుడు నేర్చుకోవచ్చు.

‘పాత పద్ధతులు’ అన్నదానికి ఇంకో జవాబుంది. స్టేట్ స్పేస్ (వ్యవస్థ లోపలి స్థితులతోనే లెక్కలు కట్టే పద్ధతి) వచ్చాక వీటి పని అయిపోయిందనుకున్న రోజులు నిజంగానే ఉన్నాయి. 1978లో జాన్ డాయిల్ ఒక చిన్న పేపర్ వేశాడు. ఆ దారిలో వచ్చిన ఎల్‌క్యూజీ (లీనియర్ క్వాడ్రాటిక్ గాసియన్) పద్ధతిలో చేసిన కంట్రోలర్లకు ఖాయంగా ఉండే మార్జిన్లు ఎన్ని అన్నది అందులో ప్రశ్న. ఏమీ లేవన్నది జవాబు. పేపర్ సారాంశం కూడా అంతే, ఇంగ్లీషులో మూడే పదాలు. లెక్క ప్రకారం అత్యుత్తమమైన కంట్రోలర్ కూడా ప్లాంటు కాస్త అటూఇటూ అయితే కూలిపోవచ్చని తేలాక, కొత్త పద్ధతులతో చేసిన డిజైన్‌కైనా చివర్లో ఫ్రీక్వెన్సీ గీత తీసి చూసుకోవడం తప్పలేదు. మెషీన్ లెర్నింగ్‌తో చేసిన కంట్రోలర్‌కూ ‘ఎంత ఆలస్యాన్ని ఓర్చుకుంటుంది?’ అన్న ప్రశ్న తప్పదు.

మీకు సర్క్యూట్లు ఇష్టమన్నారు కాబట్టి పవర్ సప్లై డిజైన్ వైపు గట్టిగా చూడమంటాను. బోడ్ ప్లాట్ రోజువారీ పనిముట్టుగా ఉండే చోటు అది. ఫీడ్‌బ్యాక్ దారిలో చిన్న రెసిస్టర్ పెట్టి, దాని మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌తో సిగ్నల్ ఎక్కించి, ఎనలైజర్‌తో లూప్ గెయిన్ కొలుస్తారు. చాలాచోట్ల కనీసం 45 డిగ్రీల మార్జిన్ అడుగుతారు. చలిలో కెపాసిటర్ లోపలి నిరోధం మారుతుంది, ఏళ్లు గడిస్తే ఇంకా మారుతుంది, దాంతో ఫేజ్ కదులుతుంది. ఆ కదలికకు చోటు వదలడమే మార్జిన్. అనలాగ్ చిప్ డిజైన్ కూడా ఇలాంటిదే, కాకపోతే పోటీ ఎక్కువ, పీజీ దాదాపు తప్పనిసరి. ప్రాసెస్ ప్లాంట్లలో మాత్రం బోడ్ తీసేవాళ్లు అరుదు. పీఐడీ (అక్కడ మామూలుగా వాడే కంట్రోలర్) ట్యూనింగ్ ఎక్కువగా స్టెప్ రెస్పాన్స్‌తో, అంటే ఒక్కసారిగా మార్పు ఇచ్చి స్పందన చూడటంతో నడిచిపోతుంది.

పీజీలో కంట్రోల్ తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు, ఒక షరతు మీద. ల్యాబ్‌లో నిజమైన ప్లాంట్లు ఉన్న చోటే తీసుకోండి. రెండేళ్లూ సిద్ధాంతాలు నిరూపించడంతో సరిపెట్టే కోర్సు పరిశోధనకు వెళ్లేవాళ్లకు మంచిదే, మీకు కాదు. మెషీన్ లెర్నింగ్‌లో ఒకట్రెండు కోర్సులు పక్కన పెట్టుకుంటే నాన్నగారి మాటా నిలబడుతుంది. మీరు మెచ్చిన పనీ మీకుంటుంది.

ఈలోగా ఒక చిన్న పని చేసి చూడండి. 10 కిలోఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్‌తో మూడు ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్) మెట్లు కట్టి, ఒక మెట్టు ఇంకోదాన్ని లాగకుండా వాటి మధ్య ఆప్‌ఆంప్ బఫర్లు పెట్టండి. ఫంక్షన్ జనరేటర్, ఆసిలోస్కోప్‌తో 20 హెర్ట్జ్ నుంచి 2 కిలోహెర్ట్జ్ దాకా కొలిచి గీయండి, మాట్‌లాబ్ తెరవకుండా. దాదాపు 276 హెర్ట్జ్ దగ్గర ఒక్కో మెట్టు 60 డిగ్రీలు వెనకబడి మొత్తం 180 అవుతుంది. అక్కడ గెయిన్ ఎనిమిదో వంతు, అంటే –18 డెసిబెల్స్. ఇప్పుడు ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్‌తో లూప్ మూసి గెయిన్ పెంచుతూ పోతే 8 దగ్గర సర్క్యూట్ ‘పాడటం’ మొదలుపెడుతుంది. 8 లోపు క్షేమం అని రౌత్ పట్టికా చెబుతుంది. కానీ గెయిన్ 4 దగ్గర ఆగితే ఫేజ్ మార్జిన్ 27 డిగ్రీలేనని, 0.38 మిల్లీసెకన్ల ఆలస్యం ఎక్కడినుంచి వచ్చినా మళ్లీ పాట మొదలవుతుందని పట్టిక నోరు విప్పదు. అది గీతలోనే కనిపిస్తుంది.

ఇలా కొలిచిన గీతలు రెండు మూడు దగ్గరుంటే ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి. ప్రాజెక్ట్ రిపోర్టు కన్నా అవే ఎక్కువ మాట్లాడిస్తాయి. ఒక్క జాగ్రత్త. లెక్కకట్టిన ఫేజ్ –180 దగ్గర ఉన్నట్టుండి +180కి ఎగిరితే సర్క్యూట్ పాడైందని కంగారుపడి విప్పేయకండి. సాఫ్ట్‌వేర్ కోణాన్ని చుట్టేసిందంతే. అక్కణ్నుంచి 360 తీసేస్తే గీత మళ్లీ అతుక్కుంటుంది.