ఒక్క కొత్త మోడల్ లగ్జరీ కార్ల కంపెనీ తలరాతను మార్చగలదా?

మార్చగలదు, పోర్షేనే చూడండి. 1990ల మొదట్లో అమ్మకాలు పడిపోయి దివాలా అంచుకు చేరింది. 1996లో వచ్చిన బాక్‌స్టర్ మోడల్ ఊపిరి పోసింది. ఆ తర్వాత వచ్చిన కొత్త 911 మోడల్‌తో చాలా విడిభాగాలు ఉమ్మడి కావడంతో ఖర్చు కలిసొచ్చింది. 2002లో కయెన్ వచ్చినప్పుడు "పోర్షే ఎస్‌యూవీ ఏమిటి!" అని వీరాభిమానులు ముఖం చిట్లించారు. తీరా చూస్తే, స్పోర్ట్స్ కార్లకు కావలసిన డబ్బు తెచ్చిపెట్టింది అదే. దాని ప్లాట్‌ఫామ్‌ను, అంటే కారు అడుగున ఉండే మూల నిర్మాణాన్ని, ఫోక్స్‌వ్యాగన్ టూరెగ్‌తో పంచుకుని ఖర్చు తగ్గించుకున్నారు మరి.

ప్రతిసారీ ఇలా జరగదు. ఆస్టన్ మార్టిన్ 2020లో డీబీఎక్స్ ఎస్‌యూవీ తయారీ మొదలుపెట్టినా అప్పుల బాధ తీరలేదు. తక్కువ కార్లు అమ్మే కంపెనీకి అభివృద్ధి ఖర్చే గుదిబండ. అందుకే కొత్త కారు ఫొటోలు లీకైతే అందరూ హెడ్‌లైట్లు చూస్తారు, నేను మాత్రం ప్లాట్‌ఫామ్ ఎవరిదని ఆరా తీస్తాను.