అలసట వేరు, అలసత్వం వేరు
నమస్కారమండీ. ‘విధుల్లో అలసట వహించరాదు’ అని రాస్తే ఎవరో తప్పన్నారని, అలసటకూ అలసత్వానికీ తేడా ఏమిటని అడిగారు. ఆ వాక్యంలో ఉండవలసినది అలసత్వమే. శ్రమించినవారికి కలిగేది అలసట. శ్రమించడానికి వెనుకాడేవారిలో కనిపించేది అలసత్వం. మొదటిది ‘అలయు’, ‘అలసు’ అనే క్రియలతో ముడిపడిన మాట కాగా, రెండవది సోమరి అనే అర్థమున్న ‘అలస’ అనే సంస్కృత పదం నుంచి వచ్చి, నేడు ఎక్కువగా నిర్లక్ష్యమనే అర్థంలో చెల్లుతోంది. రాత్రింబవళ్లు కష్టపడిన మనిషికి అలసత్వం అంటగట్టడం అన్యాయం కనుక, ఈ తేడా నిలవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అలసట కలుగుతుంది, తీరుతుంది; దానిని ఎవరూ ‘వహించరు’. శరీరానికే కాదు, మనసుకూ అది ఉంటుంది. ‘అలుపు’ దీనికి దగ్గరి చుట్టమే అయినా, ‘అలుపెరగని పోరాటం’ అన్నచోట అలసటను పెడితే మాట బిగువు సడలుతుంది. ప్రయాణం వల్ల కలిగినదాన్ని బడలిక అనడం వాడుక.

నీరసం సంగతి వేరు. రసం లేకపోవడమన్నది దాని మూలార్థం. అందువల్ల ఏ పనీ చేయకపోయినా జ్వరం వల్లనో పస్తు వల్లనో నీరసం రావచ్చు, చప్పగా నడిచిన సభ కూడా నీరసంగా సాగిందనవచ్చు, కానీ అలసటగా సాగిందని అనలేము.