హెచ్-1బిలో ఉంటూ డల్లాస్ దగ్గర రెస్టారెంట్ పెట్టొచ్చా?

మీరు హెచ్-1బి (ఒక కంపెనీకి పనిచేయడానికి ఇచ్చే వీసా), మీ ఆవిడకి హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వాళ్ల భార్యాభర్తలకిచ్చే పని అనుమతి), టిఫిన్లు, బిర్యానీతో ఫ్యామిలీ రెస్టారెంట్ పెడితే ఎక్కడ దెబ్బ తింటాం అని కదా అడిగారు.

ముందు వీసా సంగతి. హెచ్-1బిలో ఉన్నవాళ్లు డబ్బు పెట్టొచ్చు, వాటాదారుగా ఉండొచ్చు. కౌంటర్లో కూర్చోవడం, శనివారం రద్దీలో ప్లేట్లు అందించడం కుదరదు. జీతం తీసుకోకపోయినా దాన్ని పనిగానే చూసే ప్రమాదం ఉంది. ఆవిడ ఈఏడీ మీద నడపొచ్చు గానీ, గడువు దాటేలోపు రెన్యువల్ చేతికి రాకపోతే ఆవిడా పక్కకు జరగాలి. ఆ రోజుల్లో షాపు ఎవరు తెరుస్తారో ఇప్పుడే తేల్చుకోండి. ఈ-2 పెట్టుబడి వీసా ఉందిగా అని ఎవరైనా అంటే నమ్మకండి. అది అమెరికాతో ఒప్పందం ఉన్న దేశాల వాళ్లకే, ఆ దేశాల్లో ఇండియా లేదు.

ఇక డబ్బు. అందరూ మెనూ పట్టుకుని కూర్చుంటారు గానీ, చేతి చమురు వదిలేది హుడ్డు (పొయ్యిల మీద పొగ లాగేసేది), గ్యాస్ లైను, మురుగు దగ్గర. బట్టల కొట్టు ఖాళీ అయిన చోటు అద్దె తక్కువని తీసుకుంటే ఇవన్నీ కొత్తగా మీరే పెట్టించుకోవాలి. ఇంతకుముందు వంట జరిగిన చోటే వెతకండి. అప్పుడు కూడా హుడ్డు ఏ రకమో చూడాలి. కాఫీ షాపులో ఉండే టైప్-2 ఆవిరికి, వేడికి మాత్రమే. పోపులకీ వేపుళ్లకీ టైప్-1 కావాలి, దానికి మంటలార్పే ఏర్పాటు ఉండాలి, దాన్ని ఆరు నెలలకోసారి తనిఖీ చేయించాలి. హుడ్డు లాగేసినంత గాలి బయటినుంచి లోపలికి రాకపోతే ముందు తలుపు లాగినా రాదు, ఎండుమిరపకాయల ఘాటు హాల్లోకి కమ్మి తినేవాళ్లు దగ్గుతారు. గ్యాస్ మీటరు సామర్థ్యం కూడా అడగండి. ఆరు బర్నర్ల రేంజికే గంటకి సుమారు లక్షన్నర బీటీయూలు (వేడి కొలత). దానికి దోశ పెనం, తందూరు, బిర్యానీ హండీ పొయ్యిలు కలపండి.

గ్రీజ్ ట్రాప్‌లో (సింకు నీళ్లలోని నూనె మురుగులోకి పోకుండా ఆపే తొట్టి) నూనె, మడ్డి కలిసి లోతులో పావు వంతుకి చేరేలోపు తీయించాలి. మనవాళ్ల కిచెన్లలో దాన్ని నింపేది నూనె కన్నా అన్నం మెతుకులూ పిండి కడిగిన నీళ్లూ. గిన్నెలు చెత్తబుట్టలోకి గీకాకే సింకులో వేయాలని మొదటిరోజే చెప్పండి.

లీజులో ట్రిపుల్ నెట్ అని ఉంటే అద్దెతోపాటు ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్, నిర్వహణ ఖర్చుల్లో మీ వాటా కూడా మీదే. పర్మిట్లు రాకపోతే లీజు రద్దు చేసుకునే షరతు రాయించుకున్నాకే సంతకం పెట్టండి.

రేటు వేసేటప్పుడు ఈ లెక్క చూడండి: 16 డాలర్ల బిర్యానీ. డెలివరీ యాప్ 30 శాతం తీసుకుంటే 4.80 పోయింది. సరుకు 30 శాతం అనుకుంటే మరో 4.80. మిగిలిన 6.40లో జీతాలు, అద్దె, డబ్బా, అన్నీ. అమ్మకపు పన్ను 8.25 శాతం మీ డబ్బు కాదు, రోజూ వేరే ఖాతాలో వేసేయండి. అద్దెకి వాడుకుని, నెల తిరిగాక పన్ను కట్టాల్సిన 20వ తేదీకి వెతుక్కునేవాళ్లు తక్కువేం కాదు.

హెల్త్ ఇన్‌స్పెక్షన్‌లో మనవాళ్లు తరచూ దొరికిపోయేది మిగిలిన బిర్యానీ దగ్గర. వండినది 135 డిగ్రీల ఫారన్‌హీట్ నుంచి 70కి రెండు గంటల్లో, అక్కణ్నుంచి 41కి మరో నాలుగు గంటల్లో దిగాలి. హండీని అలాగే వాక్-ఇన్ కూలర్‌లో (గదిలాంటి పెద్ద ఫ్రిజ్) పెడితే నడిమధ్య రాత్రంతా వెచ్చగానే ఉంటుంది. వండినా చావని సూక్ష్మజీవుల బీజాలు ఆ అన్నంలో మొలకెత్తుతాయి. రెండంగుళాల లోతు ట్రేలలో పరిచి, మూత వదులుగా ఉంచి చల్లార్చండి.

ఇడ్లీ పిండి ఇంకో తలనొప్పి. చలికాలం పొంగదని ఓవెన్ పక్కన పెడతారు, ఇన్‌స్పెక్టరుకి అది గది వేడిలో వదిలేసిన ఆహారంలా కనిపిస్తుంది. పిండిని ఎన్ని గంటలు, ఏ వేడిలో పులియబెడతారో, పులుపు ఎలా కొలుస్తారో రాసి, తెరవకముందే ఆ ఊరి హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి.