ఎక్కువ డబ్బు వెళ్లిన బడికి తక్కువ మార్కులు ఎందుకు?

(చెన్నై కార్పొరేషన్ బడుల్లో 31 ఏళ్లు లెక్కలు చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన రచయిత్రి పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: టీచరు గారికి నమస్కారం. మాది పెరంబూరు. ఆరు నెలలకోసారి ఆస్తి పన్ను కట్టేటప్పుడు అందులో విద్యకు పోయే భాగం ఎవరికి పనికొస్తోందా అనుకుంటూ ఉంటాను. ఇంగ్లండులో ఉన్న మా మేనల్లుడు అక్కడి స్థానిక విద్యాధికార సంస్థల పట్టిక ఒకటి పంపాడు. ఒక్కో విద్యార్థికి ఎక్కువ డబ్బు అందే చోట్ల చాలావాటిలో ఫలితాలు తక్కువగా, తక్కువ డబ్బు అందే చోట్ల మెరుగ్గా ఉన్నాయి. "మామయ్యా, డబ్బుకీ చదువుకీ సంబంధం లేదని తేలిపోయింది కదా" అంటాడు. కాదనడానికి నాకు మాట దొరకలేదు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: మీ మేనల్లుడు పట్టిక సరిగ్గానే చదివాడు. దాని నుంచి తీసిన మాటే తప్పు. 2019 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఎండల్లో నీళ్ల లారీలు ఏ వీధికి ఎక్కువగా వచ్చాయి? కుళాయి ఎండిపోయిన వీధికి. ఎవరైనా వీధివారీగా లెక్క రాసి, లారీలు ఎక్కువగా వచ్చిన చోటే నీళ్లకు కటకట ఎక్కువ కాబట్టి లారీలు దండగ అంటే, బిందె పట్టుకుని వరుసలో నిలబడిన మీరు ఊరుకుంటారా?

ఇంగ్లండులోనూ అంతే. అక్కడ సుమారు 150 స్థానిక సంస్థలు ఉన్నాయి. బడుల డబ్బులో పెద్ద భాగం కేంద్ర ప్రభుత్వం నుంచే వస్తుంది. ఎవరికెంత అన్నది తలలు లెక్కపెట్టి మాత్రమే తేల్చరు. పేద పిల్లలు ఎందరు, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లలు ఎందరు, వెనుకబడి వస్తున్నవారు ఎందరు అని చూసి కలుపుతారు. 2011 నుంచి పేదింటి పిల్లల కోసం బడికి తలకింత చొప్పున అదనంగా ఇస్తున్నారు. అంటే వెనుకబాటు ఉన్న చోటికే డబ్బు వెతుక్కుంటూ వెళుతుంది. పైగా లండనులో టీచర్ల జీతాలు ఎక్కువ, కాబట్టి అక్కడ ఒక పౌనుకు దొరికే చదువు కొంచెం తగ్గుతుంది. ఇవేవీ తీసివేయకుండా రెండు వరుసలు పక్కపక్కన పెడితే, డబ్బే పిల్లలను చెడగొట్టినట్టు కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఆ పట్టికలో టవర్ హామ్‌లెట్స్ ఎక్కడ ఉందో మీ మేనల్లుడిని చూడమనండి. తూర్పు లండనులో, బంగ్లాదేశ్ సిల్హెట్ ప్రాంతం నుంచి వెళ్లిన కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట అది. 1997లో పరీక్షా ఫలితాల్లో ఇంగ్లండు మొత్తానికి చిట్టచివర ఉండేది. అప్పటికే తలసరి నిధులు అక్కడ ఎక్కువే. అదే చోటు 2010 దాటాక దేశ సగటును మించింది. ప్రధానోపాధ్యాయులను జాగ్రత్తగా ఎంపిక చేశారు, పిల్లల హాజరు వెంటపడ్డారు, తల్లిదండ్రులను బడిలోకి రప్పించారు, టీచర్లు వచ్చి నిలబడేలా చూశారు. డబ్బు ఒక్కటే ఇంత పని చేయలేదు, నిజమే. కానీ డబ్బు లేకుండా ఇందులో ఏ ఒక్కటీ ఏళ్ల తరబడి సాగేది కాదు. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాషతో వచ్చే పిల్లలకు ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని కనుక ఆ పేట కథ నాకు చాలా దగ్గరిది.

ఇక మన బడికి వద్దాం. ఐదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. 402లో నుంచి 178 తీసేయమంటే 376 అని రాశాడు. చాలామంది టీచర్లు దానిపై ఎర్ర గీత పెట్టి ముందుకు పోతారు. దగ్గరగా చూడండి. రెండులోంచి ఎనిమిది పోదు కనుక ఎనిమిదిలోంచి రెండు తీసి ఆరు వేశాడు. సున్నాలోంచి ఏడు పోదు కనుక ఏడే వేశాడు. నాలుగులోంచి ఒకటి తీసి మూడు వేశాడు. వాడికి లెక్క రాకపోవడం కాదు, వాడిదంటూ ఒక పద్ధతి ఉంది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలి, అంతే. అప్పు తెచ్చుకోవడం అంటే ఏమిటో వాడికి రెండో తరగతిలో ఎవరూ చేతికిచ్చి చూపించలేదు. మూడేళ్లుగా ఆ పద్ధతితోనే నెట్టుకొస్తున్నాడు.

చింతపిక్కలు తెప్పించాను. పదేసి చిన్న సంచిలో వేసి దారం కట్టించాను, అలాంటి పది సంచులు ఒక పెద్ద సంచిలో. పెద్ద సంచి విప్పితేనే చిన్న సంచులు, చిన్న సంచి విప్పితేనే పిక్కలు. రోజూ ఉదయం నలభై నిమిషాలు, పన్నెండు రోజులు. పదమూడో రోజున 224 అని రాసి, పలక నా ముఖానికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని చూపించాడు.

చింతపిక్కలకు ఖర్చు లేదు కాబట్టి డబ్బుతో పనేముందని మీరు అనుకోవచ్చు. ఆ నలభై నిమిషాలు మిగిలిన ముప్ఫై ఎనిమిది మందిని చూసుకున్నది ఎవరు? ఆ ఏడాది మా బడికి అదనంగా వచ్చిన రెండో టీచరమ్మ. ఆమె జీతమే ఆ అబ్బాయి తీసివేత. మరుసటి ఏడు ఆమెను వేరే బడికి పంపించేశారు. ఆ తర్వాత నేను అలాంటి పన్నెండు రోజులు మరో పిల్లవాడికి ఇవ్వలేకపోయాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

డబ్బు వృథా కాలేదని నేను అనను. ఒక సంవత్సరం మా బడికి సైన్సు పరికరాల పెట్టె వచ్చింది. స్టాకు పుస్తకంలో ఎక్కించి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒక్క గాజు గొట్టం పగిలినా జీతంలోంచి కట్టాలేమోనన్న భయం. అయిదేళ్ల తర్వాత తీస్తే రబ్బరు గొట్టాలు పొడిపొడిగా రాలిపోయాయి. పట్టికలో అదీ ఖర్చే, టీచరమ్మ జీతమూ ఖర్చే. ఒకే వరుసలో ఒకే అంకెగా కనిపిస్తాయి.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఐదు జిల్లాల బడుల్లో పెద్ద పరిశోధన చేశారు. అందులో చీటీలు తీసినట్టు ఎంపిక చేసిన 100 బడులకు పిల్లల నోటు పుస్తకాలు, పలకల వంటివాటి కోసం ఏడాదికి సుమారు 10,000 రూపాయల చొప్పున ఇచ్చారు. మొదటి ఏడు పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడు ఆ లాభం దాదాపు కనిపించలేదు. ఎందుకంటారు? బడి నుంచి వస్తాయని తెలిసిన తల్లిదండ్రులు, తాము కొనేవి తగ్గించుకున్నారు. ఆ మిగిలిన డబ్బు ఇంట్లో పప్పుకో మందుకో పోయి ఉంటుంది, దాన్ని నేను వృథా అనను. అదే పరిశోధనలో అదనంగా ఒక కాంట్రాక్టు టీచరును ఇచ్చిన బడుల్లో పిల్లలు రెండేళ్లలో నిలకడగా ముందుకు వచ్చారు. ఇంట్లో కొనలేనిది బడి ఇచ్చినప్పుడే డబ్బు చదువుగా మారుతుందని నాకు అక్కడ అర్థమైంది. నోటు పుస్తకం కష్టపడి అయినా ఇంట్లో కొంటారు. పక్కన కూర్చుని తప్పు ఎక్కడ పుట్టిందో చూసే మనిషిని కూలి చేసుకునే తల్లి ఎక్కడి నుంచి తెస్తుంది?

కరోనా తర్వాత తమిళనాడులో వచ్చిన 'ఇల్లమ్ తేడి కల్వి' మీ వీధిలోనూ జరిగి ఉంటుంది. నెలకు 1,000 రూపాయల గౌరవ వేతనంతో పేటలోని వారే సాయంత్రాలు పిల్లలను కూర్చోబెట్టి చదివించారు. ఊళ్లలో సుమారు 19,000 మంది పిల్లలను పరీక్షించి చూస్తే, బడులు తెరిచిన ఆరు నెలల్లో పోయిన చదువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. అలా తిరిగి వచ్చినదానిలో దాదాపు నాలుగో వంతు ఈ సాయంత్రపు తరగతుల వల్లేనట. ఇంత తక్కువ డబ్బుకు ఇంత ఫలితం నా ఉద్యోగ జీవితంలో మరొకటి చూడలేదు.

కాబట్టి ఎంత ఇచ్చారన్న ప్రశ్నతో ఆగకండి. మీ దగ్గరలోని కార్పొరేషన్ బడికి వెళ్లి, మంజూరైన టీచర్లు ఎందరు, ఈ రోజు తరగతిలో ఉన్నవారు ఎందరు అని అడగండి. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. వారిలో ఎవరినైనా పలకరించండి. మీరు కట్టిన పన్ను గురించి వారి కంటే బాగా చెప్పగలిగేవారు లేరు.

ప్రశ్న: బడి డబ్బు చదువుకే ఖర్చు కావాలి గానీ తిండికి ఎందుకు అమ్మా? ఉదయం టిఫిను, మధ్యాహ్నం భోజనం అంటూ నిధులన్నీ పొయ్యిలోకే పోతున్నాయి.
– గృహిణి, విల్లివాక్కం

జవాబు: ఈ వాదన మన నగరంలో వంద ఏళ్ల నాటిది. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్న మన తెలుగువారు పిట్టి త్యాగరాయ చెట్టి గారు థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టించారు. తలకు ఒక అణా మించకూడదని లెక్క. పేదరికం వల్ల పిల్లలు రావడం లేదని గమనించి చేసిన పని అది. తిండి పెట్టిన బడుల్లో పిల్లల సంఖ్య పెరిగింది. విద్యానిధిని భోజనానికి వాడకూడదని ప్రభుత్వం అడ్డుపడటంతో 1925లో ఆగిపోయింది. మీరు టి.నగర్ వెళ్లినప్పుడల్లా పలికే పేరు ఆయనదే.

ఉదయం టిఫిను 2022లో మొదలైంది. అంతకు ముందు మా బడిలో పదిన్నరకు తల బల్ల మీద వాల్చే పిల్లలను నేను రోజూ చూశాను. నిద్ర అనుకుని మొదట్లో మందలించాను కూడా. ఒక పాప "రాత్రి నుంచి ఏమీ తినలేదు టీచర్" అంది. ఆ రోజు చెప్పిన భిన్నాలు ఆ పాపకు ఎక్కలేదు. టీచరు జీతం మాత్రం ఆ గంటకు కూడా ఖర్చయింది. చదువు డబ్బు నిజంగా వృథా అయింది అక్కడ.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు వాళ్లం కలిసి పక్కనున్న కార్పొరేషన్ బడికి రెండు కంప్యూటర్లు ఇవ్వాలనుకుంటున్నాం. మంచిదేనా?
– కొళత్తూరు నుంచి ఒక సంఘం

జవాబు: ముందు వెళ్లి అడగండి. గది ఉందా, కరెంటు నిలకడగా ఉందా, వాటిని తెరిచి పిల్లలను కూర్చోబెట్టే మనిషి ఉన్నారా? లేకపోతే మీలో చదువుకున్న ఇద్దరు వారానికి మూడు సాయంత్రాలు వచ్చి రెండో తరగతి పిల్లల పక్కన కూర్చోగలరేమో ఆలోచించండి. దానికి ప్రధానోపాధ్యాయురాలి అనుమతి కావాలి. ఉదయం ప్రార్థన వేళ వెళ్లకండి, పని ఒత్తిడి ఎక్కువ. మధ్యాహ్న భోజనం అయ్యాక, గిన్నెలు కడిగే చప్పుడు వినబడే వేళకు వెళితే ఆమె కూర్చుని మాట్లాడగలరు.