250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ఆంప్ కొనాలా? ముందు ఛార్జర్ పీకి వినండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ దగ్గర బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో ఉంది, 250 ఓమ్‌ల రకం (ఓమ్ అంటే కరెంటుకి అది పెట్టే అడ్డుకి, అంటే ఇంపిడెన్స్‌కి కొలత). విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే సౌండ్ చాలట్లేదు. వెనకాల సన్నగా గుయ్‌మని మోత వస్తోంది. పాటలో స, శ వచ్చిన చోటల్లా చెవిలో గుచ్చుకుంటోంది. 15 వేలు పెట్టి ట్యూబ్ ఆంప్, అంటే పాతకాలం రేడియోల్లోలాంటి గాజు బల్బులతో సౌండ్ పెంచే యాంప్లిఫయర్ కొంటే ఈ మూడూ పోతాయని మీ స్నేహితుడు చెప్పాడు, నిజమేనా అని మీ ప్రశ్న.

మొదటిది పోతుందండీ. రెండోది పోవచ్చు, లేదా ఇంకో రకం మోత తోడు కావచ్చు. మూడోది మాత్రం పోదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, హెడ్‌ఫోన్ గురించి ఏ ఇబ్బంది చెప్పినా ముందు ఆంప్ కొనమనేవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. కొన్నేళ్ళ కిందట నాకూ అలాగే చెప్పారు, నేనూ విన్నాను.

నాది సెన్‌హైజర్ హెచ్‌డీ 600. 300 ఓమ్‌లు, మీదానికి దగ్గరి కొలతే. ఫోన్లో పెడితే పాట ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టు ఉండేది. ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ ట్యూబ్ ఆంప్ ఉందంటే సికింద్రాబాద్ వెళ్ళి విన్నాను. రెండు గాజు బల్బులు ఎర్రగా వెలుగుతూ చూడ్డానికి దేవుడి గదిలో దీపాల్లా ఉన్నాయి. ఆయన నాబ్ తిప్పాడు, మృదంగం గుండెకి తగిలింది. అక్కడికక్కడే డబ్బులిచ్చేశాను. ఆయన నాబ్ ఎంత తిప్పాడో అప్పుడు గమనించలేదు, అసలు మోసం అక్కడే ఉంది. మోసం ఆయనది కాదు, నా చెవిది. ఒకే పాటని కాస్త ఎక్కువ సౌండ్‌లో వినిపిస్తే మన చెవి దాన్ని 'ఎక్కువ సౌండ్' అనుకోదు, 'మంచి సౌండ్' అనుకుంటుంది. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చాలు.

ఇంటికి తెచ్చి పెట్టాక మొదటి రాత్రే తెలిసింది. పాట ఆగితే చాలు, గుయ్‌మని 50 హెర్ట్జ్ మోత. ఇయర్‌ఫోన్లు పెడితే దానికి తోడు స్‌స్ అని బుస. ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు దసరా సెలవులకి వచ్చినప్పుడు కోఠిలో కొన్న 300 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి తీసి కొలిచాడు. ఏమీ తగిలించకుండా 1 వోల్ట్ ఇస్తున్న ఆంప్, హెడ్‌ఫోన్ బదులు ఆ రెసిస్టర్ పెట్టగానే 0.72కి పడింది. అంటే ఆంప్ లోపలి అడ్డు, దాన్నే ఔట్‌పుట్ ఇంపిడెన్స్ అంటారు, దాదాపు 117 ఓమ్‌లు. హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకుండా ఉంటే మంచిదని ఒక మోటు లెక్క. మీ 250కి అది 31 ఓమ్‌లు. మామూలు 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కైతే 4.

అది మించితే ఏమవుతుందంటారా? హెడ్‌ఫోన్ మీద 300 అని రాసినా అన్ని స్వరాల దగ్గరా 300 ఉండదు. హెచ్‌డీ 600 అయితే బాస్ ఉండే 100 హెర్ట్జ్ చుట్టుపక్కల 500 దాటుతుంది. లోపలి అడ్డు ఎక్కువున్న ఆంప్ నుంచి వచ్చే వోల్టేజ్‌లో అక్కడ కాస్త ఎక్కువ వాటా హెడ్‌ఫోన్‌కి దక్కుతుంది. నా విషయంలో ఒక డెసిబెల్ పైచిలుకు. మృదంగం ఎడమవైపు దెబ్బ నిండుగా వినిపించిందంటే కారణం అదే. 'ట్యూబ్ వెచ్చదనం' అని జనం మురిసిపోయే దాంట్లో కొంత భాగం ఇంతే. ఇష్టపడటం తప్పు కాదు, ఆ ఒక్క డెసిబెల్‌ని విండోస్‌లో ఉచితంగా పెంచుకోవచ్చని మాత్రం తెలిసుండాలి. ఆ ఆంప్‌ని నష్టానికి అమ్మేశాను.

ఇక మీ మొదటి ఇబ్బంది, సౌండ్ చాలకపోవడం. దీనికి అభిప్రాయాలతో పని లేదు, లెక్క ఉంది. మీ హెడ్‌ఫోన్ 1 మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్ ఇస్తుందని కంపెనీ చెబుతుంది. 250 ఓమ్‌ల మీద 1 మిల్లీవాట్ అంటే సరిగ్గా అర వోల్ట్. వోల్టేజ్ రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ కలుస్తాయి. కాబట్టి 1 వోల్ట్‌కి 102, 2 వోల్ట్‌లకి 108. మనం ఇంట్లో హాయిగా వినేది సగటున 70, 75 డెసిబెల్స్. దరువు పడ్డ చోట అది ఇంకో 15, 20 పైకి లేస్తుంది. అంటే 95 అనుకోండి. లెక్క ప్రకారం అర వోల్ట్ చాలు.

మరి మీకెందుకు చాలట్లేదు? మీరు వినేది పాత కచేరీలని రాశారు కదా, అక్కడుంది కిటుకు. ఇప్పటి సినిమా పాటని అంచు దాకా సౌండ్ నింపి విడుదల చేస్తారు. పాత రేడియో రికార్డింగ్‌ని ఎవరో టేప్ నుంచి ఎక్కించి యూట్యూబ్‌లో పెట్టినదైతే, దాని స్థాయి పది పన్నెండు డెసిబెల్స్ కిందే ఉండిపోతుంది. యూట్యూబ్ మరీ గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది గానీ, మెల్లగా ఉన్నవాటిని పెంచదు. ఆ పన్నెండు పూడ్చాలంటే నాలుగు రెట్ల వోల్టేజ్ కావాలి, అంటే 2 వోల్ట్‌లు. చాలా ల్యాప్‌టాప్‌లు 1 వోల్ట్ దగ్గరే చేతులెత్తేస్తాయి. మీ ఇబ్బంది నిజమైనదే, దానికి ఆంప్ నిజమైన మందే. 2.5 వోల్ట్‌లు ఇవ్వగలిగితే మీకు 110 డెసిబెల్స్ వస్తాయి, పవర్ లెక్కలో అది 25 మిల్లీవాట్లు మాత్రమే. అంతకు మించి మీకు అక్కర్లేదు. అలాగని అంత సౌండ్‌లో వినకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 40 గంటలు వినేవాళ్ళకి 80 డెసిబెల్స్ దగ్గర గీత గీసింది. 90 అయితే వారానికి 4 గంటలే.

డబ్బా మీద '2000 మిల్లీవాట్లు' అని పెద్ద అక్షరాలతో ఉంటే కంగారుపడి కొనెయ్యొద్దు. అది సాధారణంగా 32 ఓమ్‌లకి చెప్పే అంకె, చాలాసార్లు బ్యాలెన్స్‌డ్ జాక్‌లో, అంటే రెండు చెవులకీ వేర్వేరు వైర్లుండే ప్రత్యేకమైన జాక్‌లో. మీ హెడ్‌ఫోన్ కేబుల్ మామూలు జాక్‌ది, దాన్ని ఆ రంధ్రంలో పెట్టలేరు. స్పెసిఫికేషన్లలో '300 ఓమ్‌ల దగ్గర, సింగిల్ ఎండెడ్' (అంటే మామూలు జాక్) అనే వరస వెతకండి. అక్కడ 50 మిల్లీవాట్లున్నా మీకు రెండింతలు. ఆ వరస అసలు లేకపోతే ఆ ఆంప్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

మోత సంగతికి వస్తాను. ఈ రాత్రే ఒక పని చేయండి. పాట ఆపి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేయండి. మోత ఆగిందా? అయితే మీరు కొనాల్సింది ఆంప్ కాదు, పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ని. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ మెటల్ బాడీ మీద వేలు ఆనిస్తే సన్నగా జివ్వుమంటుందా? అదీ ఇదే జబ్బు. మా ఫ్లాట్లో స్విచ్‌బోర్డు విప్పి చూస్తే మూడో రంధ్రానికి అసలు వైరే లేదు! కట్టినవాళ్ళు పిన్ను పట్టడానికి రంధ్రం పెట్టారు, ఎర్తింగ్ ఇవ్వలేదు. వైరు లాగించాక ఛార్జర్ మోత పోయింది, జివ్వుమనడం పోయింది, ఫ్రిజ్ ముట్టుకోవడానికి మా అమ్మ రబ్బరు చెప్పులు వేసుకోవడం కూడా మానేసింది.

దీనికి ఇంకో ముఖం ఉంది. డెస్క్‌టాప్ కంప్యూటర్, ఆంప్ రెండూ ఎర్త్ అయి ఉండి వాటి మధ్య మామూలు ఆడియో కేబుల్ వేస్తే, రెండు ఎర్త్‌ల మధ్య వలయం ఏర్పడి మళ్ళీ మోత మొదలవుతుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. దానికి విరుగుడు ఆప్టికల్ కేబుల్. అందులో వెళ్ళేది వెలుగే, కరెంటు కాదు కాబట్టి వలయం తెగిపోతుంది. కొందరు ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచేస్తే చాలంటారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి, మోత కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

ఛార్జర్ పీకినా మోత ఆగకపోతే తప్పు ల్యాప్‌టాప్ లోపలి సౌండ్ సర్క్యూట్‌ది. అప్పుడు కావాల్సింది ముందు డాక్, అంటే డిజిటల్ పాటని వోల్టేజ్‌గా మార్చే పరికరం, ల్యాప్‌టాప్ బయట ఉండటం. చవకైన డాక్‌లలో ఒకటి యాపిల్ అమ్మే యూఎస్‌బీ సీ డాంగిల్, వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. చూడ్డానికి తెల్లటి నూలుపోగులా ఉంటుంది గానీ 1 వోల్ట్ శుభ్రంగా ఇస్తుంది, ఔట్‌పుట్ ఇంపిడెన్స్ ఒక ఓమ్ లోపే. యూరప్‌లో అమ్మే రకం సగమే ఇస్తుంది, అక్కడి చుట్టాలతో తెప్పించుకోవద్దు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దీని సౌండ్ బాగా తగ్గిపోతుంది, విండోస్‌లో ఆ తంటా లేదు. ఎప్పుడైనా ల్యాప్‌టాప్ మార్చే ఉద్దేశం ఉంటే ఇంకోటి చెప్పాలి. 2021లో వచ్చిన 14, 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోల హెడ్‌ఫోన్ జాక్ 150 ఓమ్‌లు, ఆపైన ఉన్న హెడ్‌ఫోన్లకి 3 వోల్ట్‌ల దాకా ఇస్తుంది. అలాంటిది ఉంటే మీకు ఆంప్ అవసరమే లేదు.

మూడోది, చెవిలో గుచ్చుకునే 'స'. ఆ హెడ్‌ఫోన్ తీరే అంత. 8 కిలోహెర్ట్జ్ దగ్గర దానికి పెద్ద మూపురం ఉంది, ఎంత ఖరీదైన ఆంప్ పెట్టినా ఆ మూపురం అలాగే ఉంటుంది. ఇంకా గట్టిగా వింటారు కాబట్టి మరింత గుచ్చుకుంటుంది. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో 8 కిలోహెర్ట్జ్ దగ్గర 5 డెసిబెల్స్ తగ్గించి ఓ రెండు రోజులు వినండి. మొదటి గంటలో తంబురా మీద దుప్పటి కప్పినట్టు అనిపిస్తుంది, తర్వాత చెవి సర్దుకుంటుంది. నాకైతే డబ్బు పెట్టి చేసిన మార్పులేవీ ఇంత తేడా చూపించలేదు, ఒక్క ఇయర్‌ప్యాడ్‌లు తప్ప. అవి నలిగి పలచబడితే బాస్ కారిపోతుంది. మన ఉక్కపోతకీ, తలకి రాసుకునే కొబ్బరినూనెకీ అవి త్వరగా అణిగిపోతాయి. మీవి ఎన్నాళ్ళవో రాయలేదు, ఒకసారి వేలితో నొక్కి చూడండి.

ట్యూబ్ ఆంప్ పోయాక నేనేం చేశానో చెప్పలేదు కదూ. డాక్, ఆంప్ కలిసి ఒకే డబ్బాలో ఉన్న మామూలు ట్రాన్సిస్టర్ రకం కొన్నాను. ఎంత మురిసిపోయానంటే, వీణ మీద గమకం ఇప్పుడే కనిపిస్తోందని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ తలకీ హెడ్‌ఫోన్ తగిలించేవాణ్ణి. మేనల్లుడు మళ్ళీ వచ్చినప్పుడు అడిగాడు, "మామయ్యా, డాంగిల్నీ దీన్నీ ఒకే సౌండ్‌లో పెట్టి విన్నావా?" వినలేదు. భోజనాల బల్ల మీద అన్నీ పరిచాడు. 300 హెర్ట్జ్ టోన్ ఒకటి వాయించి, పాత స్ప్లిటర్‌కి మల్టీమీటర్ ముల్లులు ఆనించి, రెండింటిలోనూ 0.250 వోల్ట్ వచ్చేదాకా సర్ది, ఆంప్ నాబ్ మీద స్కెచ్ పెన్నుతో గీత గీశాడు. ఆ టోన్ ఎందుకంటే, చవక మల్టీమీటర్లు అంతకన్నా బాగా పైస్వరాల దగ్గర తప్పు చూపిస్తాయట. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మార్చినా మార్చకపోయినా ప్రతిసారీ జాక్ పీకి మళ్ళీ పెట్టాడు, చప్పుడుని బట్టి నేను కనిపెట్టకుండా. పన్నెండుసార్లు విని, ఇది ఆంప్, ఇది డాంగిల్ అని చెప్పాను. ఏడు ఒప్పులు. బొమ్మా బొరుసా వేసినా ఆరు వస్తాయి.

అయినా ఆ ఆంప్ నా బల్ల మీదే ఉంది. పాత కచేరీలకి ఆ ఎక్కువ వోల్టేజ్ అవసరం. ఎవరైనా పిలిస్తే మౌస్ వెతుక్కోకుండా ఒక్క తిప్పుతో సౌండ్ తగ్గించడానికి నాబ్ సుఖం ఇంకా అవసరం. మీరు కొన్నా ఈ కారణాలకే కొనండి. ఫియో, టాపింగ్, ఐఫై లాంటి కంపెనీల వాటిలో ఏదైనా పర్వాలేదు, పైన చెప్పిన 300 ఓమ్‌ల అంకె చూసుకుని, గెయిన్ స్విచ్, అంటే ఆంప్ సౌండ్‌ని ఎన్ని రెట్లు పెంచాలో మార్చుకునే మీట ఉన్నది తీసుకోండి. ఎప్పుడైనా ఇయర్‌ఫోన్లు తగిలిస్తే లో గెయిన్‌లో బుస తగ్గుతుంది. మీ 15 వేలలో సగం మిగలొచ్చు కూడా.

ఛార్జర్ పీకాక మోత ఆగిందో లేదో, ల్యాప్‌టాప్ ఏ మోడలో రాయండి. దాన్ని బట్టి డాంగిల్‌తో సరిపోతుందో లేదో చెబుతాను.